పరకలకు పెత్తందారు ఉండడు

2024 ఏప్రిల్ 25న చైనా వాళ్ల షెంజౌ-18 నౌకలో ముగ్గురు వ్యోమగాములతో పాటు నాలుగు చిన్న చేపలు కూడా ఆకాశానికి ఎగిరాయి. వాటికి తోడుగా కాస్త నాచు వెళ్లింది. తియాంగాంగ్ అంతరిక్ష కేంద్రంలో, మూత బిగించిన ఒక నీటి పెట్టెలో, ఆ చేపలు 43 రోజులు బతికాయి. చేపలు వదిలిన బొగ్గుపులుసు గాలిని నాచు పీల్చుకుంది. నాచు వదిలిన ప్రాణవాయువుతో చేపలు ఊపిరి తీశాయి. బరువన్నదే తెలియని ఆ చోట పైదేదో కిందదేదో అర్థంకాక చేపలు తలకిందులుగా ఈదాయి, గింగిరాలు తిరిగాయి.

ఆ చేప పేరు జీబ్రా డానియో. చూపుడువేలంత పొడవు కూడా ఉండదు. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలపు చారలు. గంగా, బ్రహ్మపుత్ర మైదానాల వరి మళ్లు, పిల్లకాలువలు, నిలవనీటి గుంటలు దాని పుట్టిల్లు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు గంగ చేపల మీద 1822లో అచ్చు వేసిన పుస్తకంలో దాన్ని మొదటిసారి లోకానికి పరిచయం చేశాడు. ఇక ఆ నాచు సెరటోఫిల్లమ్. దానికి వేర్లుండవు, ముట్టుకుంటే గరుకు, తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొక్కవుతుంది. మన చెరువుల్లో వలకు చుట్టుకుని బెస్తవాళ్లను విసిగించే నాచుల్లో అదీ ఒకటి. భూమిని వదిలి వెళ్తూ చిటికెడు చెరువును వెంట తీసుకుపోవాలనుకున్న మనిషి చివరికి ఈ రెండింటినీ మూటగట్టుకున్నాడు.

నేలమీదికి దిగుదాం. సిద్దిపేట కోమటి చెరువు కట్టకు సాయంత్రం షికారుకు వచ్చేవాళ్లు వేలాడే వంతెన ఎక్కుతారు, దీపాలు వెలిగేదాకా ఉంటారు, ఫొటోలు దిగుతారు. గట్టు రాళ్లకు ఆనుకున్న మోకాలి లోతు నీళ్లలోకి వంగి చూసేవాళ్లు తక్కువ. అసలు సందడంతా అక్కడే. ఎండ ఏటవాలుగా పడే వేళ అక్కడ నీళ్లు ఒక్కసారిగా మెరుస్తాయి, మరుక్షణం ఆరిపోతాయి. వందలాది చిన్న ఒళ్లు ఒకేసారి పక్కకు తిరిగితే వచ్చే మెరుపు అది. పరకలని, బుడ్డపరకలని మనం వాటన్నిటినీ ఒక్క గంపలో వేసేస్తాం. బజారులో కుప్పలుగా పోసి అమ్ముతారు, చింతపులుసులో ఉడుకుతాయి, ఎండితే ఎండుచేపలవుతాయి. అంతకుమించి వాటి ఊసు ఎవరికీ పట్టదు.

ఆ గంపను కాస్త విప్పి చూస్తే లోపల ఎన్ని రకాలు! నడుం పొడుగునా కాటుక గీత గీసినట్టుండే రాస్బోరా ఒకటి. ఆ గీతకు పైన సన్నని బంగారు రంగు పలుచగా పరుచుకుని ఉంటుంది. టిక్టో అనే ఇంకొకదానికి మెడ దగ్గర ఒకటి, తోక మొదట్లో ఒకటి నల్లచుక్కలు. జత కట్టే కాలంలో మగదాని ఒళ్లు ఎర్రబారుతుంది. మోలా అనే వెండి పరక ఉంది. తలతో సహా తినే ఈ చేపలో విటమిన్-ఏ మెండు, పిల్లల కంటిచూపుకు మంచిదని బంగ్లాదేశ్‌లో దానిమీద ఎంతో పరిశోధన జరిగింది. అద్దపు చేప మరీ వింత. దాని ఒంట్లోంచి వెన్నెముక, పక్కటెముకలు, గాలితిత్తి లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్లలో ఉండి కనబడకుండా ఉండాలంటే నీళ్లలాగే ఉండిపోవడం కంటే మంచి ఉపాయం ఏముంది? కానీ వ్యాపారులకు ఆ అందం చాలలేదు. సూదితో రంగు ఎక్కించి ఆకుపచ్చ, గులాబీ గీతల అద్దపు చేపలని అమ్మారు. ఆ రంగు కొన్నాళ్లకు పోతుంది, సూదిపోటుతో చేపకు రోగం అంటుకుంటుంది. అలాంటిది ఎక్కడైనా కనబడితే కొనకండి.

గుంపుగా తిరిగే చేపల్లో మన రాష్ట్ర చేప గురించి కూడా చెప్పాలి. 2016లో తెలంగాణ కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. మనవైపు దాన్ని కొర్రమట్ట అంటాం. పెద్దయ్యాక అది ఒంటరి వేటగాడు. పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం వందల కొద్దీ ఒకే ముద్దగా కదులుతాయి, ఒంటిరంగు కుంకుమెరుపు. నీటిపైకి వచ్చి గాలి మింగడానికి అన్నీ ఇంచుమించు ఒకేసారి లేస్తే, చెరువు మధ్యలో ఎర్రటి మరక ఒకటి కదులుతున్నట్టు ఉంటుంది. ఆ మరక కింద తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. ఇది తొట్టిలో పెంచుకునే చేప కాదు, పక్కనున్న చిన్నవాటిని మింగేస్తుంది. కానీ చెరువులో చూడగలిగిన గుంపుల్లో ఇంతకంటే చక్కనిది నేను చూడలేదు.

గుంపు మెరిసి, ఆరి, మళ్లీ మెరిసేటప్పుడు చూసేవాడికి వచ్చే మొదటి అనుమానం: ఇటు తిరగండి అని చెప్పేది ఏ చేప?

ఏదీ చెప్పదు. గుంపులో ముందున్న చేప మలుపు తర్వాత పక్కకు పడుతుంది, పక్కన ఉన్నది ముందుకొస్తుంది. సద్దుల బతుకమ్మనాడు కోమటి చెరువు గట్టున ఆడవాళ్లు వలయంగా తిరుగుతారు కదా, ఎవరి అడుగు వాళ్లు పక్కామె అడుగును బట్టే వేస్తారు. అయితే అక్కడ పాట ఎత్తుకునే ఆమె ఒకరుంటారు. పరకల గుంపులో ఆమె కూడా లేదు. ప్రతి చేపా తన పక్కనున్న కొద్దిమందిని మాత్రమే పట్టించుకుంటుంది. మరీ దగ్గరైతే జరుగుతుంది, దూరమైతే దగ్గరికొస్తుంది, పక్కవాళ్లు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఇంత చిన్న లెక్కల్లోంచే అంత పెద్ద నాట్యం పుడుతుందని 1980లలో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికన్ కంప్యూటర్ తెర మీద బొమ్మలతో చేసి చూపించాడు. పక్షుల గుంపులు, చేపల గుంపులు సినిమాల్లో నిజమైనవాటిలా ఎగరడం, ఈదడం ఆ పనితోనే మొదలైంది.

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో విశ్వేశ గుత్తల్ బృందం బొమ్మలతో సరిపెట్టుకోలేదు. బతికున్న చేపలనే తొట్టిలో వదిలి, వాటి దారులన్నీ కెమెరాతో పట్టుకున్నారు. 2020లో వాళ్ల ఫలితం 'నేచర్ ఫిజిక్స్' పత్రికలో వచ్చింది. వాళ్లు వాడినది కేరళ వాళ్లకు ప్రాణమైన కరిమీన్ జాతి. తేలినది ఏమిటంటే, ఒక చేప ఒక క్షణంలో చుట్టూ ఉన్నవాటన్నిటి సగటు చూసి నడవనక్కర్లేదు, చేతికందిన ఏదో ఒక్కదాన్ని అనుకరిస్తే చాలు. ఆ అనుకరణలో దొర్లే తడబాటే గుంపును ఒక దిశకు తోస్తుంది. పైగా చిన్న గుంపుల్లోనే ఈ ఏకతాటి నడక బలంగా ఉంటుంది. మనం తడబాటును తప్పు కింద లెక్కేస్తాం. చేపలకు అదే దారి చూపిస్తోంది. ఈ ఒక్క సంగతి కోసమైనా తొట్టి ముందు అరగంట కూర్చోవచ్చు.

చేప కంటితో మాత్రమే పక్కవాళ్లను గమనిస్తుందనుకోకండి. చాలా చేపలకు రెండు పక్కలా, తల నుంచి తోకదాకా, సన్నని చుక్కల వరుస ఉంటుంది. పార్శ్వరేఖ అంటారు. పక్కన ఏది కదిలినా నీళ్లు చేసే సన్న ఒత్తిడిని అది పట్టేస్తుంది. 1976లో బ్రిటన్ శాస్త్రవేత్తలు సముద్రపు చేపలకు కళ్లు కనబడకుండా చేసి గుంపులోకి వదిలారు. అవి పక్కవాటిని రాసుకోకుండా, తడబడకుండా గుంపుతోనే ఈదాయి. అంటే ఆ వెండి ఒళ్లు ఒకదాన్నొకటి చూసుకోవడంతో పాటు ఎల్లవేళలా నీళ్ల గుండా ఒకదాన్నొకటి ముట్టుకుంటూనే ఉన్నాయన్నమాట.

వాసన కూడా ఉంది. తేనెటీగల నాట్యం అర్థం చేసుకుని 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ అంతకు ముప్ఫై అయిదేళ్ల ముందే, 1938లో, ఒక చిన్న చేప చర్మం గీరుకుపోతే చుట్టూ ఉన్న గుంపంతా చెల్లాచెదురవడం రాసిపెట్టాడు. గాయపడ్డ చర్మం నీళ్లలోకి ఏదో వదులుతుంది. అది 'పారిపోండి' అన్న కేక. పరకల జాతి చేపల్లో చాలావాటికి ఈ కేక వినబడుతుంది. తొట్టిలో వల పెట్టి ఒక చేపను గాబరాగా తరిమి పట్టుకుంటే, ఆ రోజంతా మిగిలినవి మూలల్లో నక్కడం చాలామంది చూసే ఉంటారు.

ఇంతకీ గుంపు ఎందుకు? కొంగ ఒక్క చేపను గురిపెట్టాలి. యాభై చేపలు ఒకే రంగులో, ఒకే వేగంతో మెరుస్తుంటే దాని చూపు ఏ ఒక్కదాని మీదా నిలవదు. గుంపులో ఒకటి రంగు తేడాగా ఉంటే మాత్రం దానికే చావు. అందుకే పరకలు తమలాంటివాటినే వెతుక్కుంటాయి. ఈ సంగతి తెలిస్తే తొట్టి పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అర్థమవుతుంది. ఒక జత ఇది, ఒక జత అది, చూడముచ్చటగా ఉంటుందని రకానికి రెండేసి కొంటారు. రెండేసి ఉన్నది ఏదీ గుంపు కాదు. అవి రంగు వెలిసి, మొక్కల వెనక నక్కి, మేత వేళకు మాత్రం బయటికి వచ్చి బిక్కుబిక్కుమంటూ బతుకుతాయి. ఒకే రకం ఎనిమిది, పది తెచ్చి వదిలి చూడండి. రెండో వారానికల్లా ఆ చేపలే వేరేవి అయిపోతాయి.

సిద్దిపేట దుకాణాల్లో ఎక్కువమంది అడిగేది నియాన్ టెట్రా. కాదనను, దాని నీలపు గీత చూసి మనసు పోగొట్టుకోనివాళ్లు ఉండరు. పెరూ అమెజాన్ అడవుల్లో దొరికిన ఆ చేపకు 1936లో జార్జ్ మైయర్స్ అనే శాస్త్రవేత్త శాస్త్రనామం పెట్టాడు. ఆ నీలం నిజానికి ఏ రంగుద్రవ్యమూ కాదు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు పలుచని పలకలు పొరలుపొరలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద వెలుతురు పడి నీలంగా తిరిగి వస్తుంది. రాత్రి ఆ పలకల ఎడం మారి, గీత ఊదారంగుకు తిరిగి మసకబారుతుంది. పొద్దున దీపం వేసిన కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. రాత్రి దాన్ని చూసి చేప చచ్చిపోతోందని కంగారుపడి దుకాణానికి ఫోను చేసేవాళ్లున్నారు.

కానీ నియాన్ పుట్టిన నీళ్లు మెత్తనివి, అడవి ఆకులు నాని నల్లబడ్డవి. మనది నల్లరాతి, ఎర్రమట్టి దక్కను. మన బోర్ల నీళ్లు చాలాచోట్ల సున్నం నిండిన కఠిన జలం. సాకిన తరాలు గడిచి దుకాణపు నియాన్లు కొంత అలవాటు పడ్డాయి గానీ, మన టిక్టోలకు, రాస్బోరాలకు, జీబ్రాలకు ఆ అలవాటు పుట్టుకతోనే ఉంది. సిద్దిపేటలో మొదటి తొట్టి పెట్టేవాళ్లకు నా ఓటు వీటికే. ఖరీదు తక్కువ, ఓపిక ఎక్కువ, జగడం తక్కువ. ఎసోమస్ అనే మీసాల పరకతో మాత్రం జాగ్రత్త. దాని మీసాలు ఒంటి మధ్య దాటిపోతాయి. ఎగిరే పరకని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, మూత లేని తొట్టిలోంచి తెల్లారేసరికి గచ్చు మీద ఉంటుంది.

ఇప్పుడు మొక్కల మాట. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు పైచిలుకు ఎత్తు తొట్టిలో 60 లీటర్ల పైన నీళ్లు పడతాయి. పదీపన్నెండు చిన్న పరకలకు అది హాయైన ఇల్లు. అడుగున ముదురు రంగు ఇసుక, సన్న గులకరాళ్లు పరిస్తే చేపల రంగు నిలుస్తుంది. తెల్లరాయి మీద చేప బెదిరి వెలిసిపోతుంది. నాచుజాతి హైడ్రిల్లా, పొడవాటి రిబ్బన్ల వంటి వాలిస్నేరియా, పైన చెప్పిన సెరటోఫిల్లమ్, చెరువుగట్టు తడిలో పెరిగే సంబరేణి. ఇవన్నీ మన నీళ్లలోనివే. ఇవి చాలు. ఖరీదైన విదేశీ మొక్కలు తర్వాత. నాలుగు మూలలా మొక్కలు నాటి, నడిమధ్య ఖాళీ వదిలితే గుంపు ఆ ఖాళీలో ఆడుతుంది, భయమేసినప్పుడు మూలకు చేరుతుంది.

మధ్యాహ్నానికి దీపం కింద హైడ్రిల్లా ఆకుల అంచుల్లోంచి చిన్న చిన్న బుడగలు వరుసగా పైకి లేస్తాయి. నీళ్లలో ప్రాణవాయువు ఇక కరగనంత నిండిపోతే, మిగిలింది అలా కళ్లముందే కనబడుతుంది. బడిపుస్తకంలో గాజు గరాటు కింద పెట్టి చూపించే ప్రయోగమే ఇది, కాకపోతే దాని చుట్టూ చేపలు తిరుగుతుంటాయి. రాత్రి లెక్క తిరగబడుతుంది, దీపం ఆరిపోయాక మొక్కలు కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి. మొక్కలు, చేపలు కిక్కిరిసిన తొట్టిలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం అందుకే. మబ్బుపట్టిన రోజుల తర్వాత చెరువుల్లో చేపలు తేలడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ బంగారు చేపలు, వాలిస్నేరియా, నీటి నత్తలు ఒక గాజుపాత్రలో వేసి, ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కకట్టి రాశాడు. ఆయనకు కనబడని పనివాళ్లు ఇంకొందరున్నారు. చేప విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, దాన్ని మొక్కలు తినేస్తాయి. ఈ పనివాళ్లు ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న సాయంత్రమే చేపలు కొనేవాళ్ల చేపలు వారంలో ఎందుకు పోతాయో అడగక్కర్లేదు. మొక్కలు ముందు, చేపలు నెల తర్వాత.

తొట్టిలో పోసే నీళ్ల మాట. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలైంది మన గజ్వేల్ దగ్గర కోమటిబండలోనే, 2016 ఆగస్టు 7న. ఆ కుళాయి నీళ్లు మనిషికి మంచివే, కానీ వాటిలో కలిపే క్లోరిన్ చేప మొప్పలకు పడదు, ఇసుకలోని పనివాళ్లను కూడా చంపేస్తుంది. బకెట్టులో పట్టి ఒక రోజు ఎండతగిలేలా ఉంచితే చాలావరకు పోతుంది, లేదా దుకాణంలో దొరికే మందు చుక్కలు వేయొచ్చు. ఇక మే నెల. బయట 42, 43 డిగ్రీలుంటే గదిలో తొట్టి నీళ్లు కాగుతాయి. మూత తీసి జాలీ పరిచి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై పోతూ నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. ఐసు ముక్కలు వేయకండి, ఆ కుదుపే చేపను చంపుతుంది.

జీబ్రాలను పెంచేవాళ్లు ఒక్కసారైనా వేకువన లేవాలి. తొలి వెలుతురు పడ్డ క్షణంలోనే అవి జత కడతాయి. గుడ్లు గులకరాళ్ల సందుల్లోకి జారతాయి. జారనివాటిని కన్నవాళ్లే తినేస్తాయి. గుడ్డు అద్దమంత స్వచ్ఛం. ఒక రోజు తిరిగేసరికి లోపల కన్ను కనబడుతుంది, గుండె కొట్టుకుంటుంది, మూడో రోజుకు పిల్ల బయటపడుతుంది. ఈ పారదర్శకతే జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్తను ఆకట్టుకుంది. అమెరికాలో పెంపుడు చేపల దుకాణంలో కొన్న జీబ్రాలతో పని మొదలుపెట్టి, 1981లో 'నేచర్' పత్రికలో రాసి, ఈ పరకను ప్రయోగశాలకు ఎక్కించాడు. 2002లో దాని గుండె జఠరికలో అయిదో వంతు కోసేస్తే రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుందని తేలింది. 2013లో దాని జన్యుపటం చదివితే మన జన్యువుల్లో 70 శాతానికి దానిలో సాటి జన్యువులున్నాయి. మనకు వంద కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా ఈ చేప మీద పరిశోధనలు సాగుతున్నాయి.

పెంచడం విసుగొచ్చినవాళ్ల తొట్టి ఏమవుతుందన్నది మిగిలిన సంగతి. మంచి చేస్తున్నామనుకుని చాలామంది చేపల్ని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. దోమల కోసమని 1928లో ఇటలీ నుంచి దేశానికి తెచ్చిన గాంబూసియా మన చిన్న పరకల పిల్లల్ని తింటూ, రెక్కలు కొరుకుతూ ఊరూరా స్థిరపడిపోయింది. తొట్టి అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ చేప పెరిగి మూరెడయ్యాక జనం వదిలేస్తే, ఇప్పుడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, నదుల్లో దెయ్యం చేప అన్న పేరుతో వలలు చింపుతోంది, ఎవరూ కొనరు. 2020 ఏప్రిల్ నుంచి గోదావరి నీళ్లు చందలాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ మీదుగా కాలువల్లోకి వస్తున్నాయి. చెరువులకు ఇప్పుడు చెరువులతో దారులున్నాయి. మత్తడి దుంకితే పరకలు ఎదురెక్కి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతాయి. ఇక్కడ పోసినది ఇక్కడే ఆగదు.

కనుక ఇల్లు మారుతున్నా, పెంచలేకపోయినా చేపల్ని దుకాణానికి తిరిగి ఇవ్వండి, తెలిసినవాళ్ల తొట్టిలోకి పంపండి. తొట్టిలోంచి తీసిన నాచును కూడా ఎండలో బాగా ఎండబెట్టాకే పారేయండి. కోమటి చెరువులో మాత్రం ఏదీ పోయకండి.